గుండె కోసం సోయా ఎలా తినాలి
సోయాలో జెనిస్టీన్, డైడ్జీన్ అనే ఐసోఫ్లేవోన్లు (మొక్కల్లో సహజంగా ఉండే పదార్థాలు) ఉంటాయి. ఎల్‌డీఎల్ అనే చెడు కొలెస్ట్రాల్ ఆక్సిడైజ్ అయితే (ఆక్సిజన్‌తో కలిసి పాడైతే) రక్తనాళాల్లో పూడిక పెరుగుతుంది కదా, దాన్ని ఇవి కొంత ఆపుతాయని ల్యాబ్‌లో చూశారు, కానీ మనుషుల్లో అంత గట్టిగా రుజువవ్వలేదు, 2006లో అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా ఐసోఫ్లేవోన్ మాత్రలు రికమెండ్ చెయ్యట్లేదనే చెప్పింది. అందుకే నా ఓటు తిండికే.

గింజలైతే రాత్రంతా నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, పొట్టు పిసికి తీసేసి కుక్కర్‌లో మెత్తగా ఉడికించండి, పచ్చివి అస్సలు తినొద్దు. తర్వాత గుగ్గిళ్లకి పెట్టినట్టే ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో పోపు పెట్టి చివర్లో నిమ్మకాయ పిండితే ఆ పసరు వాసన చాలావరకు పోతుంది.

మీల్ మేకర్‌ని వేడినీళ్లలో 10 నిమిషాలుంచి రెండుసార్లు గట్టిగా పిండాలి, నేనోసారి బద్ధకించి పిండకుండా వేస్తే కూర గిన్నె గిన్నెలాగే మిగిలిపోయింది. మటన్ బదులు వారంలో రెండుమూడు సార్లు ఇది వండుకుంటే సాచురేటెడ్ కొవ్వు తగ్గుతుంది, అసలు లాభం అక్కడే ఎక్కువ. అంతేగానీ రోజూ నూనెలో వేయించి మంచూరియా చేసుకుంటే ఏం లాభం!

థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్లు సోయాకీ మాత్రకీ ఎంత గ్యాప్ ఉండాలో డాక్టర్ని అడగండి. బీపీ, కొలెస్ట్రాల్ మందులు మాత్రం మీ అంతట మీరు ఆపేయకండి.