రాక్ క్రాలర్‌లో బెల్ట్ జారడం: నాకు పనిచేసిన పద్ధతి

నా రాక్ క్రాలర్ (రాళ్లు ఎక్కే రిమోట్ కంట్రోల్ బండి) రాయి ఎక్కేటప్పుడు మోటార్ తిరుగుతున్నా చక్రాలు ఆగిపోయేవి. కొత్త బెల్ట్ వేశాను, పళ్లు శుభ్రం చేశాను, టెన్షన్ పెంచాను. లాభం లేదు.

చివరికి మోటార్ షాఫ్ట్, దాని మీదుండే పుల్లీ (బెల్ట్‌ను తిప్పే పళ్ల చక్రం) రెండింటి మీదుగా మార్కర్‌తో ఒకే గీత గీసి బండిని రాయి ఎక్కించాను. గీత విడిపోయింది. జారుతున్నది బెల్ట్ కాదు, పుల్లీ!

గ్రబ్ స్క్రూ (పుల్లీని షాఫ్ట్‌కు బిగించే, తల లేని చిన్న స్క్రూ) తీసి, స్క్రూనీ షాఫ్ట్‌నీ ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచాను. స్క్రూ సరిగ్గా షాఫ్ట్ చదును భాగం మీదికి వచ్చేలా పుల్లీని తిప్పాను. స్క్రూ వదులు కాకుండా పట్టే జిగురు, నీలం థ్రెడ్‌లాకర్, ఒక్క చుక్క వేసి (ఎక్కువైతే బేరింగ్‌లోకి పోతుంది) బిగించి, రాత్రంతా ఆరనిచ్చాను. ఆ తర్వాతే మోటార్ మౌంట్ జరిపి, వేలితో నొక్కితే బెల్ట్ కాస్త దిగేంత టెన్షన్ పెట్టాను.

నెల రోజులుగా జారలేదు. మీ బండిలో గీత కదలకపోతే మాత్రం కారణం వేరే; బెల్ట్ పళ్లు అరిగి ఉండొచ్చు.