మనసు బాగాలేని మనిషిని ఎలా పలకరించాలి? డాక్టర్ దగ్గరికి ఎలా తీసుకెళ్లాలి?

ప్రకాశం జిల్లా కొండపి, టంగుటూరు వైపు పల్లెల్లో ముప్పై ఏళ్లకు పైగా ఏఎన్‌ఎంగా, అంటే ఊరి ఆరోగ్య కార్యకర్తగా తిరిగాను. టీకాలు, కాన్పులు చూడటం నా ఉద్యోగం. మనసు బాగాలేనివాళ్లను పలకరించే పని మాత్రం ఎవరూ అప్పజెప్పకుండానే మీద పడింది. పొగాకు ధర పడిపోయినా, రొయ్యల గుంటలో వైట్ స్పాట్ తెగులు తగిలినా, పెళ్లయిన ఆడపిల్ల పుట్టింటికి తిరిగొచ్చినా, ఆ ఇంట్లో ఎవరో ఒకరు మాట తగ్గించేస్తారు. వాళ్లను పలకరించబోయి ఇంట్లోవాళ్లే ఎట్లా నోరు మూయిస్తారో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. అందుకే రాస్తున్నాను.

గుర్తుపట్టడం

రెండు మూడు రోజుల దిగులు అందరికీ ఉంటుంది. రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది డిప్రెషన్ అనే జబ్బేమో చూపించుకోవాలి. ఇష్టమైన పని మీద కూడా ఆశ పోవడం, ముద్ద దిగకపోవడం, తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చి మళ్లీ కన్ను మూతపడకపోవడం, ఊరికే విసుక్కోవడం చూడండి. మన వైపు మగవాళ్లు దిగులుగా ఉందని చెప్పరు. నడుము నొప్పి, గుండె దడ, గ్యాస్ అంటారు, మందు తాగడం పెంచుతారు. ఆడవాళ్లు ఒళ్లు మంటలు, నీరసం అంటారు. స్కానింగులు చేయిస్తే ఏమీ లేదని వస్తుంది. అప్పుడు 'నాటకం' అనకండి. ఒంటి నొప్పినీ మనసు నొప్పినీ చూసుకునే దారులు మెదడులో చాలావరకు కలిసే ఉంటాయి. ఆ నొప్పి నిజమైన నొప్పే.

కావాల్సినవి

ఒక గంట తీరిక. ఒక ఫోను, అందులో మనసు బాధలకు ప్రభుత్వం పెట్టిన సాయం నంబరు 14416. రెండు గ్లాసుల మజ్జిగ. టీ వద్దు. టీ రెండు నిమిషాల్లో తాగేసి లేచిపోతారు.

చోటు, వేళ

పొద్దున పూట కూర్చోకూడదు. ఈ జబ్బున్న చాలామందికి పొద్దున్నే మనసు బాగా బరువుగా ఉంటుంది, సాయంత్రానికి కాస్త తేలికపడుతుంది. ఎదురెదురుగా కూర్చోకండి. అది పంచాయితీలా ఉంటుంది. పక్కపక్కన కూర్చోవాలి, చేతికి ఏదో ఒక పని ఉండాలి. చిక్కుళ్లు వలవండి, పొగాకు గ్రేడింగ్ చేస్తుంటే మీరూ నాలుగు ఆకులు అందుకోండి. ఒక్కరే వెళ్లాలి. బంధువుల్లో గట్టిగా మాట్లాడే పెద్దాయన్ను పిలిపించి 'కౌన్సెలింగ్' ఇప్పించే పద్ధతి ఒకటుంది. అది నాకు అస్సలు గిట్టదు. ఆ పెద్దాయన తను పడిన కష్టాలు గంటసేపు చెప్పి వెళ్తాడు. విన్నవాడికి మాత్రం, ఇంత కష్టం ఆయన తట్టుకున్నాడు, నేనే చేతకానివాణ్ణి అన్న మాట ఒక్కటే మిగులుతుంది. ఫోన్‌లో వచ్చే ధైర్యం చెప్పే వీడియోలదీ అదే దారి. కాలు విరిగినవాడికి పరుగు పందెం చూపించకూడదు.

నిద్రతో మొదలుపెట్టండి. "బాగున్నావా" అంటే "ఆఁ, బాగానే ఉండాను" అంటారు, మాట అక్కడితో అయిపోతుంది. "రాత్రి నిద్ర పడుతోందా తమ్ముడూ?" అని అడిగితే చెప్పడానికి ఎవరూ సిగ్గుపడరు. అక్కడినుంచి తిండికి, తిండినుంచి పనికి, పనినుంచి మనసుకు వాళ్లే వస్తారు.

అసలు కష్టమైన మాట

చచ్చిపోవాలన్న ఆలోచన వస్తోందా అని అడగాలి. అందరూ తప్పించుకునేది దీన్నే. అడిగితే లేనిది గుర్తుచేసినట్టు అవుతుందని భయం. అవదు. ఈ జబ్బులను చూసే డాక్టర్లు కొత్తగా వచ్చిన ప్రతి రోగినీ ఈ మాట అడుగుతారు. అడగడం వల్ల ఆలోచన పుట్టదు. లోపల ఒంటరిగా మోస్తున్నదాన్ని దించుకోవడానికి చోటు దొరుకుతుంది.

అయితే అడిగే తీరు ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకామెను నేను ఇట్లా అడిగాను: "అట్లాంటి పిచ్చి ఆలోచనలేం లేవు కదమ్మా?" ఆమె నవ్వి "లేవమ్మా" అంది. ఆ వారంలోనే ప్రాణం తీసుకోబోతుంటే పక్కింటివాళ్ల కంట పడబట్టి బతికింది. తర్వాత ఆమే నాతో అంది: "నువ్వు లేవు కదా అని అడిగావు. లేవనే చెప్పాను." ఆ మాట ఇప్పటికీ నా చెవిలో ఉంది. 'కదా' అంటే ఏం చెప్పాలో మనమే చెప్పేసినట్టు. 'పిచ్చి' అంటే, ఉందని ఒప్పుకుంటే పిచ్చిదాని కింద జమకడతామని ముందే చెప్పేసినట్టు. ఈ రెండు మాటలూ వద్దు.

మెట్టు మెట్టుగా అడగండి. "ఎందుకీ బతుకు అనిపిస్తోందా?" అవునంటే, "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" దానికీ అవునంటే, "ఎట్లా అని కూడా అనుకున్నావా?" గొంతు మామూలుగా ఉండాలి. జ్వరం ఎన్ని రోజులనుంచి అని అడిగినట్టే అడగాలి.

అడిగాక మాట్లాడకండి. తేలిగ్గా కనిపిస్తుంది గానీ ఇదే అన్నిటికంటే కష్టం. ఒక ఏడాది పొగాకు వేలంలో ఎవరూ పాడక బేళ్లు నోబిడ్ అయి తిరిగొచ్చిన ఒక రైతు పక్కన, ఆకు కాల్చే బ్యారన్ అరుగు మీద కూర్చుని ఈ మాటే అడిగాను. ఆయన చేతిలో గోతాం కుట్టే పురికొస ఉంది. దాన్ని చూపుడు వేలికి చుట్టడం మొదలుపెట్టాడు. చుట్టి చుట్టి వేలి కొస తెల్లబడింది. నాకు గొంతు దాకా వచ్చింది, "పోనీలే నాయనా, అన్నీ సర్దుకుంటాయి" అనేద్దామని. అని ఉంటే ఆయన తల ఊపి లేచిపోయేవాడు. పళ్లు బిగబట్టి కూర్చున్నాను. ఎంతసేపటికో పురికొస విప్పాడు. వేలి మీద ఎర్రటి గాడి. "రెండు దినాలనుంచి అదే అనుకుంటుండా అక్కా" అన్నాడు. సాయంత్రం దాకా ఆయన మాట్లాడుతూనే ఉన్నాడు. రాత్రి తోడుకు ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి, పొద్దున్నే ఒంగోలు తీసుకెళ్లాం.

అవునని చెప్పాక ఏం అనకూడదో కూడా చెప్తాను. "నా మీద ఒట్టు, అట్లాంటి పని చేయనని చెప్పు" అని ఒట్టు వేయించుకోకండి. ఒట్టు వేసినవాడు ఆలోచన మానడు, రేపటినుంచి దాన్ని మీకు చెప్పడం మానేస్తాడు. "పిల్లల మొహం చూసైనా బతుకు" అనకండి. నేను పోతేనే పిల్లలకు మేలు అని ఆ జబ్బు వాడికి రాత్రంతా చెప్తూ ఉంటుంది. మీ మాట ఆ బరువు మీద ఇంకో బరువు. "ఎవరికీ చెప్పనులే" అని మాట ఇవ్వకండి. చెప్పాల్సి వస్తుంది. "చెప్పావు, మంచి పని చేశావు. ఇద్దరం కలిసి చూద్దాం" అంటే చాలు.

ఎట్లా అన్నది కూడా అనుకున్నాడంటే ఆ రోజు ఒంటరిగా వదలకండి. రేపు మంచిరోజు, ఎల్లుండి బస్సు అని చూడొద్దు, ఆ రోజే ఆసుపత్రి. పురుగుమందు డబ్బాలు, దాచిన మాత్రలు ఇంట్లోనుంచి తీసేసి వేరే ఇంట్లో తాళం వేసి పెట్టించండి. చావాలన్న ఉధృతం చాలామందిలో కెరటంలా లేచి పడిపోతుంది. ఆ కాసేపు ప్రమాదకరమైనవి చేతికి అందకపోతే మనిషి దక్కుతాడు. శ్రీలంకలో బాగా విషపూరితమైన పురుగుమందులను వరసగా నిషేధించాక ఆత్మహత్య మరణాలు బాగా తగ్గాయి. పోలీసు కేసవుతుందని దాచిపెట్టడం ఇంకో పొరపాటు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 115వ సెక్షన్ ప్రకారం, అట్లాంటి ప్రయత్నం చేసిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క. అతన్ని విచారించి శిక్షించకూడదు, వైద్యం అందించే బాధ్యత ప్రభుత్వానిది.

రాత్రిపూట ఏమీ తోచకపోతే 14416కు ఫోన్ చేయండి. అది టెలీ మానస్, 2022 అక్టోబర్ 10న కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. బాధపడే మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లూ చేయవచ్చు.

డాక్టర్ దగ్గరికి

ఒంగోలు, నెల్లూరు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో మానసిక వైద్య విభాగం ఉంది. పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ రాయించుకోండి. ఆధార్ కార్డు, పాత చీటీలు, వాడుతున్న మందులు, ఎన్నాళ్లనుంచి ఎట్లా ఉందో రాసిన కాగితం తీసుకెళ్లండి. షుగర్ పరీక్షకని అబద్ధం చెప్పి తీసుకెళ్లొద్దు. మన ఊళ్లలో 'నరాల డాక్టర్' అనడం అలవాటు. ఆ మాటతో వస్తానంటే నాకు అభ్యంతరం లేదు గానీ, తీరా న్యూరాలజీ దగ్గర చీటీ రాయించి ఒక రోజంతా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. థైరాయిడ్ పరీక్ష రాస్తే చేయించండి. థైరాయిడ్ తగ్గినా ఇవే లక్షణాలు వస్తాయి.

నెల్లూరు వైపు కసుమూరు దర్గాకో గొలగమూడి వెంకయ్యస్వామి ఆశ్రమానికో మొక్కుకున్నామంటారు. వెళ్లండి, నేను కాదనను. అక్కడ నిద్ర చేసి నెమ్మదించినవాళ్లు నాకు తెలుసు. మాత్ర ఆపి మాత్రం వెళ్లకండి. ఎక్కడైనా సరే కట్టేయనివ్వకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడు ఏర్వాడి దర్గా దగ్గర మానసిక రోగులను ఉంచే ఒక చోట మంటలు లేచినప్పుడు, గొలుసులతో కట్టేసిన 28 మంది పారిపోయే వీల్లేక చనిపోయారు.

మాత్రలు

దిగులుకు ఇచ్చే మాత్ర తలనొప్పి మాత్రలా గంటలో పని చేయదు. రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. మొదట్లో కడుపులో తిప్పినట్టు ఉండొచ్చు, చాలామందికి అది సర్దుకుంటుంది. ఈ వారాల్లోనే ఇంట్లోవాళ్లు ఎక్కువ కనిపెట్టి ఉండాలి. మనసు పూర్తిగా కుదురుకోకముందే ఒంట్లో ఓపిక వస్తుంది, ఆ సమయం మంచిది కాదు. మాత్రల డబ్బా మీ దగ్గర పెట్టుకుని ఏ పూటకాపూట ఇవ్వండి. మాత్రలు వాడేటప్పుడు మద్యం ముట్టకూడదు.

నెలన్నర తర్వాత ముద్ద దిగుతుంది, నిద్ర పడుతుంది. అప్పుడే "బాగైపోయింది కదా, ఇంకెందుకీ మాత్రలు" అని ఎవరో ఒకరు ఆపించేస్తారు. తగ్గాక కూడా కనీసం ఆరు నెలలైనా వాడాలి, ఆపేటప్పుడు డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెంగా తగ్గించాలి. మళ్లీ ఓపీకి రమ్మన్న తేదీని క్యాలెండర్‌లో చుట్టి పెట్టండి. నాట్లున్నా, గుంటలో రొయ్య పట్టుబడి ఉన్నా ఆ రోజు వెళ్లాల్సిందే. మొదటిసారి తోడు వెళ్లిన మనిషే మళ్లీ తోడు వెళ్లాలి.