కాలేజీ ఎంపిక నేర్చుకుందాం – 4వ పాఠం: నలుగురి మాటలో నమ్మదగింది ఎంత?

పోయిన పాఠంలో ఒక పని చెప్పాను. మీ మనసులో ఉన్న రెండు మూడు ఇంజనీరింగ్ కాలేజీల గురించి చుట్టుపక్కల వాళ్లు ఏమంటున్నారో విని, విన్నది విన్నట్టు నోట్‌బుక్‌లో రాయమన్నాను. చాలామంది ఓపిగ్గా రాసి పంపారు. అయితే చివర్లో దాదాపు అందరూ ఒకే లెక్క కట్టారు. ఈ కాలేజీ గురించి పదకొండు మంది మాట్లాడారు, ఆ కాలేజీ గురించి ఇద్దరే మాట్లాడారు, కాబట్టి మొదటిదే మంచిదని. హుజూరాబాద్ నుంచి ఒకాయన మంచికో గీత, చెడుకో గీత గీసుకుంటూ పోయి, చెడు గీతలు ఎక్కువైన కాలేజీని కొట్టేశారు. భూపాలపల్లి నుంచి ఒక తల్లి, "ఆ కాలేజీ గురించి ఎవ్వరూ ఏం చెప్తలేరు సార్, పిల్లను ఎట్ల పంపాలె?" అని అడిగారు.

ఈసారి వెబ్ ఆప్షన్ల పాఠం, అంటే కౌన్సెలింగ్‌లో కాలేజీలను ఇష్టం వరుసలో పెట్టుకోవడం గురించి, చెప్పాల్సింది. దాన్ని ఆపి ఇదే చెప్తున్నాను. ఈ గీతల లెక్కతో ఆప్షన్లు పెట్టుకుంటే పిల్లల నాలుగేళ్లు దాని మీదే నడుస్తాయి.

ఒక కాలేజీ పేరు ఎంత ఎక్కువ వినబడుతుందనేది ముందుగా దాని సైజును బట్టి ఉంటుంది. ఏటా వెయ్యి మందిని చేర్చుకునే కాలేజీకి నాలుగేళ్లలో నాలుగు వేల ఇళ్లు తయారవుతాయి. 240 మందిని తీసుకునే కాలేజీకి వెయ్యి ఇళ్లు కూడా ఉండవు. మీ వీధిలో ఏ పేరు ఎక్కువ వినబడుతుందో ఇక్కడే తేలిపోయింది, చదువు సంగతి ఇంకా రానే లేదు.

రెండోది సీజన్. ఇంటర్ రిజల్ట్స్ వచ్చిన దగ్గర్నుంచి కౌన్సెలింగ్ అయ్యేదాకా హన్మకొండ చౌరస్తాలో, కాజీపేట రోడ్డు పొడవునా, కరీంనగర్ బస్టాండ్ చుట్టూ ఫ్లెక్సీలే. కమిషన్ మీద అడ్మిషన్లు చేయించేవాళ్లు ఊళ్లలో తిరిగేది కూడా అప్పుడే. వాళ్లన్న మాట జూనియర్ కాలేజీ సారు చెవిన పడుతుంది. సారు మీ బావగారికి చెప్తాడు, బావగారు మీకు చెప్తాడు. మీ నోట్‌బుక్‌లో ముగ్గురు మనుషులున్నారు, మాట మాత్రం ఒక్కటే. అందుకే ఎవరేం చెప్పినా "నీకెవరు చెప్పారు?" అని తప్పకుండా అడగండి. "మా పక్కింటాయన" అంటే ఆ పక్కింటాయన దగ్గరికే వెళ్లండి. మూడు దారులూ ఒకే మనిషి దగ్గరికి చేరితే దాన్ని ఒక్క మాటగానే రాసుకోండి.

భూపాలపల్లి అమ్మకు జవాబు ఇక్కడే ఉంది. కొన్ని కాలేజీల గురించి మాట వినబడదు, ఎందుకంటే మాట్లాడించేవాళ్లు లేరు. కొండగట్టు దగ్గర నాచుపల్లిలో 2007లో మొదలైన జేఎన్‌టీయూ జగిత్యాల కాలేజీని చూడండి. యూనివర్సిటీ సొంత కాలేజీ. దానికి ఏజెంట్లతో పని లేదు, మేనేజ్‌మెంట్ సీట్లు అమ్ముకునే అవసరం అసలే లేదు. అలాంటి చోటు గురించి మీ వీధిలో ఎవరూ ఎత్తకపోతే అందులో వింతేం ఉంది? అలాగని మౌనంగా ఉన్న కాలేజీ మంచిదని కూడా అనకండి. మౌనం నుంచి ఏదీ తేలదు, వెళ్లి చూడాల్సిందే.

బ్రాంచీల విషయంలోనూ అంతే. 2024-25 నుంచి ఏఐసీటీఈ, అంటే ఇంజనీరింగ్ కాలేజీలకు అనుమతులిచ్చే కేంద్ర సంస్థ, ఒక్కో బ్రాంచికి ఉన్న సీట్ల పరిమితి ఎత్తేసింది. మన దగ్గర కంప్యూటర్ సైన్స్, దాని పక్క బ్రాంచీలు ఉబ్బిపోయాయి, మాటంతా వాటి చుట్టే తిరుగుతోంది. సివిల్, మెకానికల్ గురించి అడిగేవాళ్లు తగ్గారు. కానీ కొన్ని పాత కాలేజీల్లో ఆ బ్రాంచీల్లోనే ఇరవై ఏళ్లుగా పాతుకుపోయిన లెక్చరర్లు ఉంటారు. సెక్షన్‌లో ముప్పై మంది పిల్లలు, పాఠం చెప్పే మనిషికి ఆ సబ్జెక్టు కొట్టిన పిండి. ఇలాంటిది ఏ ఫ్లెక్సీ మీదా కనబడదు.

ఇక చెడు గీతల సంగతి. హుజూరాబాద్ ఆయన నోట్‌బుక్‌లో ఎక్కువ గీతలు పడిన ఫిర్యాదు ఇది: "అక్కడ ఊరికే డిటెయిన్ చేస్తరు." అంటే హాజరు చాలదని పై సెమిస్టర్‌కు పోనివ్వరని. జేఎన్‌టీయూ రూల్ ఏమిటంటే 75 శాతం హాజరు ఉండాలి. 65కీ 75కీ మధ్య ఉంటే కారణం చూపించి, ఫీజు కడితే మినహాయింపు దొరకొచ్చు. 65 కంటే తగ్గితే ఆ సెమిస్టర్ పోయినట్టే. అది యూనివర్సిటీ రూల్, ఆ కాలేజీ కనిపెట్టింది కాదు. కాబట్టి డిటెన్షన్ గొడవ వినబడిందంటే అక్కడ హాజరు నిజంగా వేస్తున్నారని అర్థం చేసుకోవచ్చు. ఆయన కొట్టేసిన కాలేజీని మళ్లీ లిస్టులో పెట్టమని రాశాను. మెస్ కూర బాగోలేదని రోజూ గొడవపడే హాస్టల్లో కనీసం గొడవపడే వీలుంది. పిల్లలు పేరు చెప్పడానికి, నోరు విప్పడానికి భయపడే చోట మీకు ఒక్క చెడు గీత కూడా దొరకదు. ఆ తేడా గీతల్లో పట్టుబడదు.

ఒకే పేరున్న సంస్థలు కలిసిపోవడం మన దగ్గర మరీ ఎక్కువ. "కాకతీయలో చదువు బాగుంటది" అని ముగ్గురు రాశారు. ఏ కాకతీయ? 1976లో పెట్టిన కాకతీయ యూనివర్సిటీయా, దాని క్యాంపస్‌లోని ఇంజనీరింగ్ కాలేజీయా, 1980లో మొదలైన ప్రైవేటు కాలేజీ కిట్స్‌నా? 1959లో వచ్చిన మెడికల్ కాలేజీ గురించి విన్న మంచిమాట కూడా ఇంజనీరింగ్ ఖాతాలో పడిన నోట్‌బుక్ ఒకటుంది. ఎన్‌ఐటీ పేరైతే మొత్తం ఊరి మీద పరుచుకుంటుంది. అది 1959లో ఆర్‌ఈసీగా (రీజినల్ ఇంజనీరింగ్ కాలేజీగా) మొదలై 2002లో ఎన్‌ఐటీ అయింది, సీటు జేఈఈతో వస్తుంది. రాష్ట్ర ప్రవేశ పరీక్ష ఎప్‌సెట్ రాసి మీరు చేరబోయే కాలేజీకీ దానికీ సంబంధం లేదు.

"మరి లాస్ట్ ర్యాంకు చూస్తే చాలదా?" అని కొందరు అడిగారు. పోయినేడు ఆ కాలేజీలో చివరి సీటు ఏ ర్యాంకుకు వచ్చిందో అదే లాస్ట్ ర్యాంకు. చూడండి, కానీ అదేమిటో తెలిసి చూడండి. లాస్ట్ ర్యాంకు కూడా మాటే, అంకెల రూపంలో వచ్చిన మాట. జనం ఒక కాలేజీని మంచిదనుకుని ఆప్షన్లలో పైన పెడితే దాని ర్యాంకు బిగుసుకుంటుంది. మరుసటేడు ఆ ర్యాంకే చూపించి మంచి కాలేజీ అంటారు. హైదరాబాద్ చుట్టుపక్కల ఉండటం ఒక్కటే ఎన్నో కాలేజీల ర్యాంకును పైకి లాగుతుంది. మీకు సీటు వస్తుందో రాదో అంచనా వేయడానికి లాస్ట్ ర్యాంకు బాగా పనికొస్తుంది, మీ కేటగిరీ వరుసలో చూసుకోండి. లోపల పాఠం ఎలా చెప్తారో తెలుసుకోవడానికి పనికిరాదు.

ఇప్పుడు ప్లేస్‌మెంట్ల గురించి. నన్ను ఎక్కువ బాధపెట్టేది ఇదే, కాస్త నిదానంగా చదవండి. వచ్చిన నోట్‌బుక్‌లలో దాదాపు ప్రతిదాంట్లో "95 శాతం ప్లేస్‌మెంట్స్ అంట" అనే వాక్యం ఉంది. దేంట్లో 95 శాతం అని ఒక్కరూ అడగలేదు.

ఒక ఊహా కాలేజీ తీసుకుందాం. ఫస్ట్ ఇయర్‌లో 420 మంది చేరారు. నాలుగేళ్లలో బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) లేకుండా బయటపడింది 330 మంది. కంపెనీలు అడిగే మార్కులుండి, ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు రాయించుకున్నది 263 మంది. ఉద్యోగం వచ్చింది 250 మందికి. 263లో 250 అంటే 95 శాతం, ఫ్లెక్సీ మీదికి ఎక్కేది ఇదే. 330లో 250 అంటే 76 శాతం దగ్గర. చేరిన 420లో 250 అంటే 60 శాతం కూడా పూర్తిగా లేదు. మూడు లెక్కల్లోనూ అబద్ధం లేదు. కానీ మీ పిల్లవాడు చేరబోయేది 420లోకి. వాడు ఆ 263 దాకా వస్తాడో రాడో ఎవరూ రాసివ్వలేరు. డిప్లొమా చేసి సెకండ్ ఇయర్‌లో నేరుగా చేరినవాళ్లను కూడా కలిపితే శాతం ఇంకా దిగుతుంది.

ఇంకోటి. కొందరు ఉద్యోగాలను కాకుండా ఆఫర్లను లెక్కపెడతారు. ఒకే అమ్మాయికి మూడు కంపెనీల్లో వస్తే మూడు ఆఫర్లు. ఆ అమ్మాయి చేరేది ఒక్కదాంట్లోనే. హైయెస్ట్ ప్యాకేజీ అన్నది ఒక్క మనిషి కథ, మిగతా 249 మంది గురించి అది ఏమీ చెప్పదు. దాన్ని నేను చదవను కూడా చదవను.

సరైన అంకెలు ఎక్కడ దొరుకుతాయంటే, కేంద్రం కాలేజీలకు ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకింగ్‌లో పాల్గొనే ప్రతి కాలేజీ తాను ఇచ్చిన సమాచారాన్ని తన వెబ్‌సైట్‌లో పెట్టాలి. ర్యాంకు వచ్చిందా రాలేదా అన్నది పక్కన పెట్టి ఆ పీడీఎఫ్ తెరవండి. అందులో ఒక్కో బ్యాచ్‌కు ఒక్కో అడ్డువరుస ఉంటుంది. ఎంతమంది చేరారు, లేటరల్ ఎంట్రీలో (డిప్లొమా తర్వాత నేరుగా సెకండ్ ఇయర్‌లోకి) ఎంతమంది వచ్చారు, గడువులోపు ఎంతమంది పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, వాళ్ల మధ్యస్థ జీతం ఎంత, పైచదువులకు ఎంతమంది వెళ్లారు, అన్నీ వరుసగా ఉంటాయి. మధ్యస్థ జీతం అంటే ఉద్యోగాలు వచ్చినవాళ్లను జీతం వరుసలో నిలబెడితే సరిగ్గా నడిమి మనిషి జీతం. హైయెస్ట్ ప్యాకేజీకీ దీనికీ ఎంత దూరం ఉందో చూస్తే చాలా సంగతి అర్థమవుతుంది.

అదే పీడీఎఫ్‌లో కింద లెక్చరర్ల పట్టిక ఉంటుంది. పేరు, వయసు, చదువు, నెలల్లో అనుభవం, చేరిన తేదీ. నాకు బాగా ఇష్టమైన గడి చేరిన తేదీ. తేదీలు వేర్వేరు సంవత్సరాల్లో చెదిరి ఉంటే మనుషులు నిలుస్తున్నారని తెలుస్తుంది. పేజీలకు పేజీలు ఒకే ఏడాది, ఒకే నెల కనబడితే పాతవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో కాలేజీలోనే అడగండి. ఏఐసీటీఈ లెక్క ప్రకారం ఇరవై మందికి ఒక లెక్చరర్ ఉండాలి. 60 సీట్ల సెక్షన్ ఒకటుంటే నాలుగేళ్లకు 240 మంది, అంటే పన్నెండు మంది సార్లు, మేడమ్‌లు కావాలి. మూడు సెక్షన్లైతే 36 మంది. లెక్కపెట్టుకోండి. ఆ పీడీఎఫ్ లేని కాలేజీ వెబ్‌సైట్‌లో మ్యాండేటరీ డిస్‌క్లోజర్ (తప్పనిసరిగా బయటపెట్టాల్సిన వివరాలు) అనే పేజీ ఉంటుంది, అందులో చూడండి.

ఇంత చెప్పాక, నలుగురి మాట ఎందుకు వినమన్నానని మీరు అడగొచ్చు. పీడీఎఫ్ చెప్పనిది నలుగురి మాటే చెప్తుంది, అయితే ఏరుకోవడం తెలియాలి. నా పద్ధతి ఒకటే. సూపర్, వేస్ట్, టాప్, అట్టర్ ఫ్లాప్ లాంటి మాటలున్న వాక్యాలన్నీ కొట్టేస్తాను. మనిషి, సమయం, వస్తువు కనబడే వాక్యం ఉంచుకుంటాను. "డేటా స్ట్రక్చర్స్‌కు దసరా దాకా సారే రాలే, పండుగైనంక పదిహేను రోజుల్ల సిలబస్ అయిపోగొట్టిండ్రు." ఇది బంగారం లాంటి వాక్యం, ఎందుకంటే అదే క్లాసులో ఇంకొకరిని అడిగి నిజమో కాదో తేల్చుకోవచ్చు. "ల్యాబ్‌లో ముప్పై సిస్టమ్‌లల్ల పన్నెండే ఆన్ అయితయి" అన్నదీ అలాంటిదే, సందర్శనకు వెళ్లినప్పుడు మీ కళ్లతోనే చూడొచ్చు.

అడగడానికి నాకు సెకండ్ ఇయర్ వాళ్లే నచ్చుతారు. ఫస్ట్ ఇయర్‌కు అంతా కొత్త. ఫైనల్ ఇయర్ పిల్లలకు ఉద్యోగం వస్తే కాలేజీ మంచిది, రాకపోతే చెడ్డది. సెకండ్ ఇయర్‌కు మాత్రం పోయిన వారం జరిగిన క్లాసు గుర్తుంటుంది. కాలేజీ గేటు ఎదుటి జిరాక్స్ షాపును కూడా వదలొద్దు. పరీక్షల ముందు రోజు రాత్రి ఏ సబ్జెక్టు నోట్సు కట్టలు కట్టలుగా జిరాక్స్ తీస్తున్నారో ఆయనకు తెలుసు. క్లాసులో ఏ పాఠం జరగలేదో దాంతో మీకూ కొంత తెలుస్తుంది.

ఇక అభ్యాసం. ఈసారి కాస్త బరువైనదే. పాత నోట్‌బుక్‌లో ఒక్క కాలేజీని, అందులో ఒక్క బ్రాంచిని తీసుకోండి. ప్రతి మాట పక్కన అది మొదట ఎవరి నోటి నుంచి వచ్చిందో రాయండి, ఒకే నోటి నుంచి వచ్చినవి కలిపేయండి. విశేషణాలతో నడిచే వాక్యాలు కొట్టేయండి. మిగిలిన ప్రతి వాక్యాన్నీ ఆ బ్రాంచి సెకండ్ ఇయర్ పిల్లలు ఇద్దరిని విడివిడిగా అడగండి. ఒకరు హాస్టల్లో ఉండేవారు, ఇంకొకరు రోజూ బస్సులో వచ్చేవారు అయితే మేలు. తర్వాత పీడీఎఫ్ తెరిచి మూడు బ్యాచ్‌ల అంకెలు రాసి, చేరినవాళ్లలో ఎంత శాతానికి ఉద్యోగం వచ్చిందో మీరే కట్టండి. లెక్చరర్లలో ఐదేళ్లు దాటినవాళ్లు ఎందరో లెక్కపెట్టండి. మొత్తం ఒక్క పేజీలో పట్టాలి. ఏ గడి నిండకపోయినా ఫర్వాలేదు, ఎందుకు నిండలేదో దాని పక్కనే రాసి పంపండి. వెబ్ ఆప్షన్ల పాఠం ఆ పేజీలు ముందు పెట్టుకునే మొదలుపెడతాను.