కమిన్స్ డీజిల్ పికప్‌కు శక్తి పెంచే ముందు జాగ్రత్తలు

అమెరికాలో 1994–98 నాటి డాడ్జ్ రామ్ పికప్‌లలోని 5.9 లీటర్ల, 12 వాల్వుల కమిన్స్ డీజిల్ ఇంజిన్‌కు ఇంధన పంపు సర్దుబాటుతోనే ఇంధనం పెంచవచ్చు. ఆ సులువులోనే ప్రమాదం ఉంది.

• ముందుగా టైమింగ్ కేసు (ఇంజిన్ ముందువైపు గేర్లుండే పెట్టె) కవరు విప్పి, లోపలి డోవెల్ పిన్ను (భాగాలను సరైన చోట నిలిపే చిన్న లోహపు కడ్డీ) జారి గేర్లలో పడకుండా లోహపు పట్టీ బిగించాలి. ఇది చేయకుండా పెట్టే ఖర్చంతా బూడిదలో పోసిన పన్నీరే.

• టర్బోకు (ఇంజిన్‌లోకి అదనపు గాలిని నెట్టే పరికరం) ముందు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లోనే (పొగ వాయువులు బయటికి వచ్చే గొట్టాల భాగం) పైరోమీటరు (ఆ వాయువుల వేడిని కొలిచే పరికరం) అమర్చి, ఉష్ణోగ్రత ఎక్కువసేపు సుమారు 700 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూసుకోవాలి. పెంచిన ఇంధనానికి సరిపడా గాలి అందకపోతే అల్యూమినియం పిస్టన్లు కరిగిపోతాయి, దట్టమైన నల్లపొగ దానికి ముందస్తు హెచ్చరిక.

• ఇంజిన్ గరిష్ఠ వేగాన్ని అదుపు చేసే గవర్నర్ స్ప్రింగులు మార్చదలచినవారు గట్టి వాల్వు స్ప్రింగులు కూడా వేయించాలి.

• ఆటోమేటిక్ గేర్‌బాక్సు అయితే టార్క్ కన్వర్టరును (ఇంజిన్ శక్తిని గేర్‌బాక్సుకు అందించే భాగం), క్లచ్‌లను బలపరచాలి.

• బ్రేకులు, టైర్ల వేగపరిమితి సరిచూడాలి.

• కాలుష్య నియంత్రణ పరికరాలను తొలగించడం అక్కడి స్వచ్ఛ వాయు చట్టం ప్రకారం నిషిద్ధం.