ఐదో నెలలో జుట్టు రాలడం నాకెలా తగ్గిందంటే

కడుపుతో ఉన్నప్పుడు జుట్టు ఒత్తుగా ఉంటుందంటారు. ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరిగి, రాలాల్సిన వెంట్రుకలు కూడా నిలుస్తాయి కాబట్టి అది నిజమే. నాకు మాత్రం ఐదో నెలలో, విజయవాడ మే ఎండల్లో, దువ్వెన నిండా జుట్టు వచ్చేది. చాలా టెన్షన్ పడ్డాను.

మా అత్తయ్య రోజూ నూనె పెట్టమన్నారు. పెట్టాను. ఆ చెమటకు చుండ్రు పెరిగింది తప్ప రాలడం ఆగలేదు. భవానీపురంలో మేం చూపించుకునే డాక్టరమ్మ గారు ముందు రక్తపరీక్షలు రాశారు. థైరాయిడ్ బాగానే ఉంది. హిమోగ్లోబిన్ మాత్రం 9.1, అంటే రక్తహీనత. గర్భిణికి కనీసం 11 ఉండాలి.

ఐరన్ మాత్ర రోజూ వేసుకుంటున్నాను కదా అన్నాను. ఎప్పుడు, దేనితో అని అడిగారావిడ. పొద్దున కాఫీ తాగుతూ, కాల్షియం మాత్రతో కలిపి! ఆ రెండూ ఐరన్‌ని ఒంటికి సరిగా పట్టనివ్వవట. ఈ మాట నాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేదో. ఆ రోజు నుంచి ఐరన్ నిమ్మరసంతో మధ్యాహ్నం, కాల్షియం రాత్రి. తోటకూర పప్పు, గుడ్డు తప్పనిసరి.

నూనె తలస్నానానికి గంట ముందే, వారానికి రెండుసార్లు. తడి జుట్టు దువ్వడం, జడ బిగించడం మానేశాను. చుండ్రు షాంపూ కూడా ఆవిడని అడిగాకే కొన్నాను.

రెండు నెలలకు హిమోగ్లోబిన్ 11 దాటింది, రాలడం బాగా తగ్గింది. కాన్పయ్యాక మూడో నెలలో మళ్ళీ రాలింది కానీ, అది చాలామందికి వచ్చేదేనని తెలిసి భయపడలేదు. బాబు మొదటి పుట్టినరోజుకి నుదుటి దగ్గర కొత్త వెంట్రుకలు వచ్చేశాయి.