మర్దననే వృత్తిగా చేసుకోవాలనుందా? ముందు ఇంట్లోవాళ్ళ కాళ్ళు ఒత్తి చూడండి

ఐటీ ఉద్యోగం విసుగొచ్చినవాళ్ళు, పార్లర్ నడుపుతున్నవాళ్ళు, ఇంట్లో పెద్దవాళ్ళకు సేవ చేస్తూ చేస్తూ ఆ పని మీదే ఇష్టం పెరిగినవాళ్ళు, అందరూ అడిగేది ఒకటే: ఏ కోర్సులో చేరమంటారు అని. ఫీజు కట్టకముందు ఒక పని చేయండి. కొన్నాళ్ళపాటు రోజూ సాయంత్రం, ఫోన్ పక్కన పడేసి, అమ్మకో తాతయ్యకో గోరువెచ్చటి నువ్వులనూనెతో కాళ్ళు, భుజాలు ఒత్తండి. పది నిమిషాలకే ధ్యాస ఎటో పోతుంటే, చేతికంటిన జిడ్డు చిరాకు పుట్టిస్తుంటే, ఈ పని మీకు పడదు, అందులో తప్పేమీ లేదు. అలాకాక, బిగుసుకున్న కండ వదులవుతున్నట్టు వేళ్ళకే తెలిసిపోతుంటే, వాళ్ళు "ఆఁ, అక్కడే" అనేలోపే మీ చెయ్యి అక్కడికి చేరుతుంటే, ఇక చదువు మొదలుపెట్టొచ్చు.

ఆ చదువుకి దారులు రకరకాలు. కేరళ పద్ధతిలో పంచకర్మ (ఒంటిని శుద్ధి చేసే ఆయుర్వేద చికిత్సలు) థెరపిస్టు శిక్షణ తీసుకుంటే అభ్యంగం (ఒళ్ళంతా నూనె మర్దన), శిరోధార (నుదుటి మీద నూనె ధారగా పోయడం), కిళి (వేడి మూలికల మూటతో కాపడం) లాంటివి డాక్టరు చెప్పిన ప్రకారం చేయడం వస్తుంది. స్పాల వైపు వెళ్ళాలంటే స్వీడిష్ (నూనె రాసి కండరాలను నిమిరి, పిసికే పద్ధతి), థాయ్ (ఒత్తుతూ ఒళ్ళు సాగదీసే పద్ధతి) మర్దనలు రావాలి. థాయ్ మసాజ్‌ని 2019లో యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, బ్యాంకాక్‌లోని వాట్ ఫో ఆలయంలో ఇప్పటికీ నేర్పుతారు. అసలు డాక్టరే కావాలనుకుంటే ప్రకృతి వైద్యం, యోగాలో ఐదున్నరేళ్ళ డిగ్రీ ఉంది, హైదరాబాద్‌లోని గాంధీ ప్రకృతి వైద్య కళాశాల అందుకే ఉంది. ఎక్కడ చేరినా ఒకటి చూసుకోండి: కండరాలు, కీళ్ళు, రక్తనాళాల గురించి పాఠం చెప్పని, మనుషుల మీద దగ్గరుండి చేయించని చోట సర్టిఫికెట్ కాగితమే మిగులుతుంది.

కొత్తవాళ్ళు బలమంతా బొటనవేళ్ళలో పెడతారు, దాంతో కొన్నాళ్ళకే వేలి కీళ్ళు నొప్పులొచ్చి పని మానేస్తారు. ఒత్తాల్సింది ఒంటి బరువుతో. ఒక కాలు ముందుకు వేసి, వీపు తిన్నగా పెట్టి, అరచేత్తోనో ముంజేత్తోనో ముందుకు వాలండి. నిలబడి చెయ్యి కిందికి వదిలితే పిడికిలి కణుపులు మర్దనకు పడుకోబెట్టే బల్లకు తగలాలి, బల్ల అంత ఎత్తుంటే చాలు. వెన్నుపూస మీద నేరుగా ఒత్తకండి, పక్కనున్న కండ మీదే. నూనె గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కాచి, ముందు మీ మణికట్టు మీద ఒక చుక్క వేసి చూసుకోండి.

అన్నిటికన్నా ముఖ్యం, ఎవరికి చేయకూడదో తెలియడం. పూర్వకాలపు వైద్యుడు వాగ్భటుడు తన ఆయుర్వేద గ్రంథం అష్టాంగహృదయంలో రోజూ అభ్యంగం చేసుకోమని, తలకు, చెవులకు, పాదాలకు ప్రత్యేకంగా నూనె రాయమని చెబుతూనే, అజీర్తి ఉన్నవాళ్ళకు వద్దన్నాడు. జ్వరం, కొత్త గాయం, చర్మం మీద ఇన్ఫెక్షన్ ఉంటే వాయిదా వేయండి. గర్భిణులు, క్యాన్సర్ చికిత్సలో ఉన్నవాళ్ళు, రక్తం పల్చబడే మందులు వాడేవాళ్ళు వస్తే వాళ్ళ డాక్టర్ని అడిగాకే చెయ్యి వేయండి. ఇక అమెరికా నుంచి గంటల తరబడి విమానంలో కూర్చుని వచ్చిన ఆంటీ "ఒక్క పిక్కే లాగుతోందమ్మా, కాస్త గట్టిగా ఒత్తు" అంటే, ముందు రెండు పిక్కలూ పక్కపక్కన చూడండి. ఒకటే వాచి వేడిగా ఉంటే అస్సలు ఒత్తకండి. లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, అది కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికొస్తుంది. ఆవిణ్ణి వెంటనే ఆసుపత్రికి పంపండి, ఆ రోజు మీరు చేయాల్సిన వైద్యం అదే.

స్పా బోర్డు వెనక వేరే వ్యాపారం నడిపేవాళ్ళ వల్ల ఈ వృత్తికి చెడ్డపేరు వచ్చింది, అందుకని ఉద్యోగంలో చేరేముందు ఆ చోటికి ఒకసారి వెళ్ళి చూసి రండి. ఒత్తుతున్న భాగం తప్ప మిగతా ఒళ్ళంతా దుప్పటి కప్పి ఉంచాలి, ఎక్కడ ముట్టుకుంటున్నారో ముందే చెప్పాలి, వద్దంటే ఆపాలి. బీపీ మాత్రలు మానేయమనో, షుగర్ తగ్గిస్తాననో చెప్పడం మన పని కాదు. నిద్ర పడుతోందా, రోజంతా ఎలా కూర్చుంటున్నారు అని అడిగి ఓపిగ్గా వినండి. ఒక నోట్‌బుక్ పెట్టుకుని ఎవరికి ఏ వైపు పట్టేసింది, ఏ నూనె పడలేదు అని అదే రోజు రాసిపెట్టుకోండి, తర్వాతిసారి వచ్చినప్పుడు అక్కణ్ణుంచి మొదలుపెట్టొచ్చు.