ఇన్‌కొనెల్ 718 ఫోర్జింగ్‌లో గ్రెయిన్ ముతకబారితే: సమస్య - పరిష్కారం

గరివిడి వైపు పిల్లలకి ఫర్నేసు కొత్త కాదు. ఫెర్రో అల్లాయ్ కార్ఖానాల మంట చూస్తూనే పెరిగాం. అందుకేనేమో, డిప్లొమా చేసి, వేడి లోహాన్ని నొక్కి మలిచే ఫోర్జింగ్ షాపుల్లో చేరిన మనవాళ్ళు ఏ తేడా వచ్చినా ముందు ఫర్నేసు మీదే పడతారు. మామూలు ఉక్కు గ్రెయిన్ (లోహంలోని స్ఫటిక రేణువు) ముతకగా వచ్చినా, మళ్ళీ వేడిచేసి గాలిలో చల్లార్చే నార్మలైజింగ్‌తో సర్దుకుంటుంది. నికెల్ మిశ్రలోహమైన ఇన్‌కొనెల్ 718కి ఆ వెసులుబాటు లేదు. వేడెక్కి చల్లారేటప్పుడు ఉక్కులా దాని మూల స్ఫటిక నిర్మాణం మారదు. ఒకసారి ముతకబారిన గ్రెయిన్‌ని ఉత్త వేడి సన్నం చేయలేదు, మళ్ళీ దెబ్బ పడాల్సిందే.

గ్రెయిన్ సైజు చెప్పే ఏఎస్‌టీఎం నంబరు తిరగేసి చదవకండి. నంబరు పెరిగితే గ్రెయిన్ సన్నం: 10 అంటే సుమారు 11 మైక్రాన్లు, 5 అంటే 64.

ముక్క మొత్తం ముతక

ఇది ఫర్నేసు తప్పే. డెల్టా ఫేజ్ (నికెల్, నయోబియం కలిసి ఏర్పడే) రేణువులు గ్రెయిన్ అంచుల్ని మేకుల్లా పట్టి ఉంచుతాయి. నయోబియం శాతాన్ని బట్టి 1010 నుంచి 1030 డిగ్రీల సెల్సియస్ మధ్య అవి కరిగిపోతాయి, ఇక గ్రెయిన్‌కి పట్టపగ్గాలుండవు. చివరి హీటు (నొక్కే ముందు ఫర్నేసులో వేడిచేయడం) ఆ ఉష్ణోగ్రతకి కిందే ఉండాలి. నేనైతే 990 దగ్గర పెడతాను. వేడి కొలిచే థర్మోకపుల్ ముక్క పక్కనే ఉండాలి, తలుపు దగ్గర కాదు.

పెద్ద గ్రెయిన్ చుట్టూ చిన్నవి, పూసల దండలా

కొత్త గ్రెయిన్లు పుట్టడం మొదలై మధ్యలో ఆగిపోయిందన్నమాట. రిడక్షన్ (నొక్కి మందం తగ్గించడం) చాలకపోవడమో, ముక్క చల్లబడిపోవడమో కారణం. ఫర్నేసు ఓ 30 డిగ్రీలు పెంచుదామని చెయ్యి దురద పెడుతుంది. పెంచితే పై సమస్యలో పడతారు. ముందు ఒక్కో హీటులో రిడక్షన్ పెంచి చూడండి.

మధ్యలో సన్నం, డై (నొక్కే అచ్చు) తగిలిన చోట ముతక

బొబ్బిలి కుర్రాడొకడు ఫోన్ చేశాడు. "అన్నా, ఫర్నేసు చార్టు గీత గీసినట్టుంది, అయినా ముక్క రిజెక్టు అయిపోనాది." ఫోటోలు పంపమన్నాను. గ్రెయిన్ నంబరు డిస్కు నడుమ 9, డై కింద 4.

చలిమిడి ముద్దని రెండు పలకల మధ్య నొక్కి చూడండి. నడుమ ఉన్నది పక్కలకి జారుతుంది, పలకలకి అంటుకున్నది కదలదు. డిస్కులోనూ అంతే. డైకి ఆనిన లోహం చల్లబడింది, రాపిడికి కదల్లేదు. బిల్లెట్‌లో (నొక్కకముందు దిమ్మలో) ఉన్న ముతక గ్రెయిన్ అక్కడ అలాగే ఉండిపోయింది.

ఇంకా తవ్వితే అసలు సంగతి బయటపడింది. సైజు కొంచెం తక్కువొచ్చిందని ముక్కని మళ్ళీ ఫర్నేసులో పెట్టి, రెండు మూడు శాతం మాత్రమే నొక్కారు. అంత చిన్న దెబ్బ కొత్త గ్రెయిన్‌ని పుట్టించలేదు. పైగా ఆ తర్వాత హీట్ ట్రీట్‌మెంట్‌లో ఉన్న గ్రెయిన్‌నే పెంచి కూర్చుంటుంది. ఫోర్జింగ్ అవగానే బాగున్న ముక్కలో హీట్ ట్రీట్‌మెంట్ తర్వాత అక్కడక్కడా రాక్షసి గ్రెయిన్లు కనిపిస్తే, ముందు అనుమానించాల్సింది ఇలాంటి సర్దుబాటు దెబ్బనే.

డైని బాగా వేడి చేయండి. బిల్లెట్‌కి గాజు పూత వేయండి. ఫర్నేసు నుంచి ప్రెస్సుకి ఎన్ని సెకన్లు పడుతోందో వాచీ పెట్టి చూడండి, ఊహించినదానికి రెట్టింపు ఉంటుంది. చివరి హీటుకి 20 శాతానికి తక్కువ కాకుండా రిడక్షన్ దాచుకోండి. డైకి అంటిన పొర మెషినింగ్‌లో పోయేలా డ్రాయింగ్‌లోనే అలవెన్సు ఉంచితే ఇంకా మంచిది. ఆ కుర్రాడి డిస్కుని మాత్రం కాపాడలేకపోయాం. మళ్ళీ నొక్కడానికి అందులో మందం మిగల్లేదు.

హ్యామర్ మీద నడుమే ముతక

దెబ్బ వెంట దెబ్బ పడితే లోపల పుట్టిన వేడికి బయటికొచ్చే దారుండదు, ఈ లోహం వేడిని మెల్లగా వదులుతుంది. ఫర్నేసు 990 చూపించినా నడుమ 1030 దాటిపోవచ్చు. దెబ్బల మధ్య ఆగండి, లేదా ఇంకొంచెం తక్కువ వేడిలో మొదలెట్టండి.

ఎవరినైనా సలహా అడిగేటప్పుడు ఫోటోతో పాటు ముక్కని ఏ చోట కోశారో బొమ్మ గీసి పంపండి. డై వైపు ఎటో తెలియని ఫోటో చూసి ఎవరూ ఏమీ చెప్పలేరు.